తొలి తోపుడు

ఆ రిపోర్టులో చివరి పేజీలో ఒక గ్రాఫు ఉంది. నల్లగీతల చుట్ల మీద ఎర్రగీత చక్కగా కూర్చుని ఉంటుంది. చూసిన వాళ్ళంతా బాగా కుదిరిందన్నారు. ఆ బొమ్మలో మొదటి చుట్టు లేదు. దాన్ని తీసేసింది నేను. తీయమని నాతో ఎవరూ చెప్పలేదు. అందులో ఏముందో ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు, ఒకే గదిలో పడుకునే మా అక్కకు కూడా.

పోయిన గురువారం మేస్త్రీ చనిపోయాడు. వాళ్ళ కూతురు ఫోన్ చేసి చెప్పింది. "మా నాయన నిన్ను తలుచుకున్నాడమ్మా, అందుకే చేసినా" అంది. ఫోన్ పెట్టేశాక మూడేళ్ళ డైరీలు తీసి, ఆయన గురించి ఉన్న చోటల్లా పేజీ మూల మడిచాను. చాలా పేజీలు మడత పడ్డాయి.

తిరుపతిలో నేను పని చేసిన కాలేజీలో, సివిల్ ల్యాబులో యంత్రాలు చూసుకునే మనిషి ఆయన. అరవై దాటాయి. అంతకుముందు నగరిలో పాతికేళ్ళ పైగా మరమగ్గాల మెకానిక్కు. అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు. నేను అలా కూడా పిలవలేకపోయేదాన్ని. ఎంత పెద్దవాడు, మేస్త్రీ అంటే బాగుంటుందా, తాతా అంటే ఏమనుకుంటాడో అని మూడేళ్ళూ తేల్చుకోలేదు. ఏదైనా కావాలంటే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. ఆయనే తలెత్తి, "ఏం పాపా" అనేవాడు.

నేను పుత్తూరులో బస్సెక్కితే ఆయన వడమాలపేటలో ఎక్కేవాడు. సీటున్నా కూర్చునేవాడు కాదు. డ్రైవరు వెనక ఉన్న కడ్డీ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు సగం మూసుకుని నిలబడేవాడు.

"ఏం మేస్త్రీ, మా బండికి నాడి సూస్తా ఉండావా? జరమేమన్నా ఉండాదా?" అన్నాడు కండక్టరు ఒకరోజు.

"జరం గాదబ్బా. ఎనక ఎడమపక్క బేరింగు. వారం తిరక్క ముందే కూసుంటాది."

"నువ్వు నోరు తెరిస్తే ఇదే. ఒక్క దినమన్నా మంచిమాట సెప్పినావా?"

"మంచిగుండేదాని గురించి సెప్పేదానికి నేనెందుకప్పా? అది దాని పాటికి నడస్తా ఉంటాది."

బస్సులో అందరూ నవ్వారు. తర్వాతి బుధవారం మాకు వేరే బండి వచ్చింది. ఆ కండక్టరు టికెట్ ఇస్తూ మేస్త్రీ ముఖం చూడలేదు. ఆయన చెప్పింది జరిగినప్పుడు ఆయన ముఖంలో సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో అప్పగించిన పని చేసి పెట్టినట్టు అలిసిపోయి కనిపించేవాడు.

పుత్తూరు వైపు మనిషని తెలిస్తే కొత్తవాళ్ళు, విరిగిన ఎముకలకు కట్టు కడతారా అని అడిగేవాళ్ళు. "కట్టను. నేను ఇనుము పక్కనోడిని" అనేవాడు. ఒకసారి ఆగి, "ఎముక ఇరిగితే మనిషి ఏడస్తాడు. ఇనుము ఏడవదు. అదే తంటా" అన్నాడు.

మా ల్యాబులో జరిగే పని గురించి కొంచెం చెప్పాలి. భూకంపం వస్తే భవనం ఊగుతుంది. ఆ ఊపులోని బలాన్ని ఏదో ఒకటి మింగాలి. వేరే ఏదీ మింగకపోతే స్తంభాలు మింగుతాయి, అంటే విరుగుతాయి. అందుకని స్తంభాల మధ్య ఏటవాలుగా ఉక్కు దూలాలు వేసి, వాటి నడుమ డాంపర్ అనే పరికరం బిగిస్తారు. మేము పరీక్షించినది చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. మూడు ఉక్కు పలకలు, వాటి మధ్య బండి బ్రేకుల్లో వాడేలాంటి బిళ్ళలు, బిగించిన బోల్టులు. అంతే. భవనం ఊగినప్పుడు పలకలు ఒకదాని మీద ఒకటి జారాలి. ఆ రాపిడిలో ఊపు వేడిగా మారి పోవాలి.

దాని గుణం తెలుసుకోవడం మా పని. అది తిన్నగా నడిచే వస్తువు కాదు. రెట్టింపు తోస్తే రెట్టింపు కదలదు. ఒక హద్దు దాకా బిగుసుకుని ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. యంత్రం దాన్ని ముందుకు తోసి వెనక్కి లాగుతుంటే ఎంత బలానికి ఎంత కదిలిందో కంప్యూటరు గీస్తుంది. పోయిన దారిన తిరిగి రాదు కాబట్టి ఆ గీత ఒక చుట్టు అవుతుంది. చుట్టు లోపల ఎంత చోటుంటే అది అంత బలాన్ని మింగినట్టు. నా పని, ఒక సమీకరణంలో అయిదారు అంకెలు మార్చి మార్చి, లెక్కలో వచ్చే ఎర్రచుట్టు నిజంగా వచ్చిన నల్లచుట్ల మీద సరిగ్గా కూర్చునేలా చేయడం. భవనం కట్టేవాళ్ళు ఆ అంకెలే నమ్ముకుంటారు.

మేస్త్రీ చుట్టును కడుపు అనేవాడు. "దీనికి కడుపు నిండుగా ఉండాది పాపా." నడుము దగ్గర సన్నబడితే, "ఇది పస్తు." పరీక్షకు ముందు చెప్పులు విడిచేవాడు. యంత్రం పీట మీద అరచెయ్యి పెట్టేవాడు. డాంపర్ బోల్టులను ఒక్కొక్కటిగా స్పానరుతో మూడుసార్లు తట్టి చెవి ఒగ్గేవాడు. తర్వాత బల్ల మీది ఇనుప పొడిలో వేలితో ఒక చుట్టు గీసేవాడు. తెర మీద ఏం వస్తుందో చూసేవాడు కాదు. నేనే పొడిలో గీసినదాన్నీ తెర మీద వచ్చినదాన్నీ మార్చి మార్చి చూసేదాన్ని. ఒకసారి ఆయన గీసిన చుట్టుకు కుడివైపు మూల చిన్న నొక్కు ఉంది. చెయ్యి వణికిందేమో అనుకున్నాను. అరగంట తర్వాత తెర మీద అదే మూల అదే నొక్కు వచ్చింది. ఆ రెండు బొమ్మలూ డైరీలో పక్కపక్కన వేసుకున్నాను.

ఆయన చూడనే చూశాడు. "ఏం రాస్తా ఉంటావు పాపా అందులో?"

"ఏం లేదు."

"ఏం లేందానికి ఇంత లావు పుస్తకమా? నా గురించి రాస్తే రాసుకో. పేరు మాత్రం పెట్టొద్దు. పేరు పెడితే అది నేనే అయిపోతా."

అందుకే పేరు రాయడం లేదు.

శ్రీహరికోటలో రాకెట్ పైకి పోయే రోజుల్లో ల్యాబులో అందరూ మిద్దె మీదికి పరుగెత్తేవాళ్ళు. తూర్పున పొగగీత కనిపిస్తే ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఒకసారి నేను గొడుగు మరిచిపోయి కిందికి దిగాను. మేస్త్రీ ఒక్కడే గచ్చు మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి ఉన్నాడు. నన్ను చూసి కూడా కదలలేదు. చాలాసేపటికి, "వచ్చింది" అన్నాడు. నేనూ వంగి చెయ్యి పెట్టాను. చల్లటి గచ్చు తప్ప నాకేమీ తెలియలేదు. "అందురూ మిందికే సూస్తా ఉండారు" అన్నాడు లేస్తూ.

అప్పట్లో మా దగ్గరికి వచ్చిన డాంపర్లు, ఊరి బయట కడుతున్న ఒక పెద్ద ఆసుపత్రివి. మా బస్సు దాని ముందే పోయేది. మొదట్లో అంతస్తులన్నీ ఎముకల గూడులా కనిపించేవి, స్తంభాల మధ్య ఏటవాలు దూలాలు, వాటి నడుమ మా దగ్గరికి వచ్చినలాంటివే డాంపర్లు. తర్వాత ఇటుక గోడలు లేవసాగాయి. మేస్త్రీ కిటికీలోంచి లెక్కపెట్టేవాడు. "ఈ దినం రెండు మూసేసినారు." ఇంకోరోజు, "మూడో అంతస్తులో నాలుగు." ఏదో ఊరి చావులు చెబుతున్నట్టు చెప్పేవాడు. నేను కిటికీ వైపు చూడకుండా చేతిలో పుస్తకం చదువుతున్నట్టు ఉండేదాన్ని. ఒక్క అక్షరం కూడా ఎక్కేది కాదు.

ఆయనకు ఒక విషయం పట్టుకుంది. ఏ ల్యాబులోనైనా ఉండే ఆనవాయితీయే అది. పరీక్ష మొదలుపెట్టే ముందు డాంపర్‌ను నాలుగైదుసార్లు మెల్లగా అటూ ఇటూ ఆడిస్తారు. రికార్డు చేయరు. వార్మప్ అంటారు. మేస్త్రీ దాన్ని ఒళ్ళు విరిపించడం అనేవాడు. ఆ తర్వాత రికార్డు చేసిన దాంట్లో కూడా మొదటి చుట్టు వదిలేసి రెండో దాని నుంచి లెక్కలోకి తీసుకుంటారు.

"మొదటిది ఎందుకు పారేస్తారు పాపా?" అని అడిగాడు.

"అది సరిగ్గా రాదు. రెండో దాని నుంచి కుదురుకుంటుంది."

"భూకంపం వచ్చి, నువ్వు కుదురుకో, నేను రెండోసారి వస్తా అంటాదా?"

ఆ ప్రశ్న డైరీలో రాసుకున్నాను. ఆయన నన్ను మళ్ళీ అడగలేదు.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు యంత్రానికి నూనె పంపు చెడిపోయింది. విడిభాగం రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికే యంత్రంలో బిగించి ఉన్న డాంపర్‌ను తీసి లోపల పెడదామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఉండనీ. యాడుండేది ఆడే ఉండనీ" అని దాని మీద ఒక గోనెపట్టా కప్పాడు. నాలుగు నెలలూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వాన కొట్టినప్పుడల్లా యంత్రం ఉన్న రేకుల షెడ్డులోకి తేమ వచ్చేది. ఆయన పట్టా అంచు ఎత్తి చూసి మళ్ళీ కప్పేవాడు.

పంపు బాగైన రోజు సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రేపు సారోళ్ళు పదికి వస్తారు. నువ్వు ఎనిమిదికి రా పాపా. రికార్డింగు పెట్టినంక నేను తోస్తా. ముందు తొయ్యను. ఒళ్ళు విరిపించను."

మరుసటి పొద్దున ఎనిమిదికి షెడ్డులో మేమిద్దరమే. ఆయన పట్టా తీశాడు. పలకలు కలిసేచోట దారమంత సన్నగా గోధుమరంగు చార ఉంది. నేను గుడ్డ తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "తుడవొద్దు. ఆసుపత్రి గోడలో ఎవురు తుడస్తారు?"

రికార్డింగ్ మొదలుపెట్టాను. ఆయన పంపు వదిలాడు. నల్లగీత నిటారుగా లేచింది. ఎప్పుడూ ఒక చోట పక్కకు తిరుగుతుంది, అక్కడ పలకలు జారడం మొదలవుతుంది. ఆ చోటు దాటింది. తిరగలేదు. ఇంకా లేస్తూనే ఉంది. పంపు గొంతు మారింది. నా కాళ్ళ కింద గచ్చు వణకడం ఈసారి నాకూ తెలిసింది. మేస్త్రీ తెర చూడటం లేదు. బోల్టుల వైపే చూస్తున్నాడు.

అప్పుడు ఒక చప్పుడు. పెద్ద తలుపు గడియ లోపలినుంచి విరిగినట్టు. రేకుల కింద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. గీత కిందికి పడింది. ఆ తర్వాత రెండో చుట్టు, మూడో చుట్టు, నిండు కడుపుతో, ఏమీ ఎరగనట్టు ఒకదాని మీద ఒకటి తిరిగాయి.

జారవలసిన దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు బలం వచ్చేదాకా అది జారలేదు. అంత బలమూ భవనంలోనైతే దూలాల కొసలకూ స్తంభాలకూ పోతుంది. వాటిని అంత బలం తట్టుకునేలా కట్టలేదు.

మేస్త్రీ యంత్రం ఆపేసి బల్ల మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నగరిలో పండగకి నాలుగు దినాలు మగ్గాలు నిలిపేస్తారు పాపా. ఐదో దినం స్విచ్చేస్తే తొలి పోటుకే దారం నాడెని అటూ ఇటూ కొట్టే కర్ర ఇరిగేది. మగ్గం పాతదని గాదు, మంచిది గాదని గాదు. నిలిచిపోయి ఉండాది గదా, అందుకు. ఆడ ఇరిగితే కర్ర." డాంపర్ వైపు చెయ్యి చూపించాడు. "ఇది ఆ గోడలో ఎన్నేండ్లు కదలకుండా కూసుంటాదో ఎవురికి తెలుసు. కదిలేది ఒక్క దినమే. ఆ దినం తొలి తోపుడే అసలుది. మీరు పారేసేది అదే."

నేను తలూపాను.

"నేను సెప్తే ఎవురూ ఇనరు. మగ్గాలోడు ఏందో అంటా ఉండాడంటారు. నువ్వు గీత గీసి పెడితే ఇంటారు. పెట్టు పాపా."

రెండు రోజులు కూర్చున్నాను. మొదటి చుట్టుతో కలిపితే నా ఎర్రగీత ఎక్కడా కూర్చోలేదు. పైకి పొడుచుకొచ్చిన ఆ కొమ్ము దగ్గర కలిపితే కడుపు దగ్గర విడిపోతుంది, కడుపు దగ్గర కలిపితే కొమ్ము మిగిలిపోతుంది. నా సమీకరణంలో ఉన్న అంకెలన్నీ కదలికకు సంబంధించినవే. కదలకుండా గడిచిన నాలుగు నెలలను గుర్తుపెట్టుకునే అంకె అందులో లేదు. రెండో రోజు సాయంత్రం, ప్రోగ్రాములో ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పే చోట ఒకటి చెరిపి రెండు వేశాను. ఎలా ఉంటుందో చూద్దామనే వేశాను. ఎర్రగీత నల్లగీతల మీద అచ్చంగా కూర్చుంది. అది చూసి నాకు సంతోషం కలిగింది. ఆ మాట కూడా దాచను.

మా ప్రొఫెసర్ సార్ మంచివాడు. నేను గట్టిగా మాట్లాడలేనని తెలిసి, నా బల్ల దగ్గరికే వచ్చి చూసేవాడు. ఆరోజూ వంగి చూశాడు.

"బ్రహ్మాండంగా కుదిరిందమ్మా. రెండో చుట్టు నుంచే కదా?"

"అవును సార్."

"అంతే. మొదటి చుట్టు మొదటి దోసె లాంటిది. పెనం కుదురుకునేదానికే." ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

సార్, దీనికి వార్మప్ చేయలేదు, నాలుగు నెలలు కదలకుండా ఉన్నది ఇది అని చెప్పాలి. మాటలన్నీ వరుసగా నోట్లో ఉన్నాయి. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, చెబితే వినేవాడు. రిపోర్టు ఎప్పుడు పంపాలో, ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి చెప్పని ఆ వాక్యం డైరీలో రాసుకున్నాను. చేతిరాత కూడా బాగుంది.

రిపోర్టు పోయిన మర్నాడు బస్సులో మేస్త్రీ మామూలు చోట నిలబడలేదు. నేరుగా నా సీటు దగ్గరికి వచ్చాడు.

"తొలి తోపుడు పెట్టినావా పాపా?"

చుట్టూ మనుషులు. అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. తలూపాను.

ఆయన బస్సులో కూర్చోవడం మొట్టమొదటిసారి చూశాను. నా పక్క సీట్లో కూర్చుని, తువ్వాల మూట విప్పి ఉడికించిన చెనిక్కాయలు నా చేతిలో పోశాడు. ఆసుపత్రి ముందు నుంచి పోయేటప్పుడు ఆయన కిటికీ వైపు తిరగలేదు. కాయలు ఒలుచుకుంటూ, వాళ్ళ మనవరాలు బడిలో ఏదో ఆటలో గెలిచిన కథ చెప్పాడు. ఆ రోజు నుంచి గోడలు లెక్కపెట్టడం మానేశాడు. లెక్కపెట్టడం నాకు అంటుకుంది. చివరి గోడ మూసిన రోజు నా డైరీలో ఉంది.

తర్వాత ఆయన పని మానేశాడు. నేనూ వేరే చోట చేరాను. ఆసుపత్రి తెరిచారు. రంగులు వేశారు, ముందర పూలమొక్కలు పెట్టారు. ఎక్కడ ఏ డాంపర్ ఉందో ఇప్పుడు బయటివాళ్ళకు తెలియదు.

పోయిన నెల ఆయనకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తెలిసింది. ఏ ఆసుపత్రి అని నేను అడగలేదు. వాళ్ళ కూతురే చెప్పింది.

మధ్యాహ్నం చూడనిచ్చే వేళకు వెళ్ళాను. మూడో అంతస్తు. పొడుగాటి వార్డు, అటూ ఇటూ మంచాలు, ప్రతి మంచం పక్కనా ఎవరో ఒకరు. ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఆయన మంచం గోడవార ఉంది. సగమైపోయాడు. చేతి మీద సూదులు. కుడి అరచెయ్యి మాత్రం గోడకు ఆనించి ఉంది.

"నిద్రే పోడమ్మా" అంది కూతురు. "ఎప్పుడు సూసినా గోడ తడమతా ఉంటాడు. మంచం జరపమంటాడు. యాడికి జరిపేది? నర్సమ్మలు నవ్వతా ఉండారు. నువ్వన్నా సెప్పు." మందులు తేవాలని కిందికి వెళ్ళింది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"పాపా. పెండ్లి అయిందా?"

"లేదు."

"ఇంకా రాస్తా ఉండావా ఆ పుస్తకం?"

"రాస్తా ఉండా."

వేలి కణుపుతో గోడను మూడుసార్లు తట్టాడు. బోలుగా పలికింది. "ఈడొకటి ఉండాది. నా తలకాయ పక్కనే. సరిగ్గా నా పక్కనే ఏసినారు సూడు మంచం." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా నేను ఆయన భుజం పట్టుకున్నాను. భుజం అంతా ఎముకే.

"ఈ అంతస్తులో ఎంతమంది ఉంటారు పాపా?"

"తెలీదు."

"నేను లెక్కేసినా. సూసేదానికి వచ్చినోళ్ళని గూడా లెక్కేసినా." ఆ అంకె చెప్పలేదు. నా కళ్ళలోకి చూశాడు. "నువ్వు నిజంగా పెట్టినావు గదా? ఆ తొలి తోపుడు?"

ఆయన బస్సులో అడిగినప్పుడు నేను తల మాత్రమే ఊపాను. ఈసారి నోటితో చెప్పాను. మూడేళ్ళలో ఆయనతో అంత గట్టిగా, అంత పొడుగ్గా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"పెట్టినాను. గ్రాఫు పెట్టినాను, పక్కన మీరు చెప్పిందంతా రాసినాను. సార్ కూడా చూసినాడు. వాళ్ళకు పంపించినాము."

చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత గోడ మీది చెయ్యి తీసి, దుప్పటి మీద పెట్టుకున్నాడు. ముఖంలో బిగువు వదిలింది. పడమటి కిటికీలోంచి ఎండ ఆయన కళ్ళ మీద పడుతోంది.

"అట్లయితే ఎవురో ఒకరు వచ్చి సూసుకుంటార్లే" అన్నాడు. "ఎండ కొడతా ఉండాది, ఆ తెర జరిపేసి పో పాపా. కాసేపు నిద్రపోతా."